యెస్ కొట్టెయ్యండి, అత్తయ్యా

ఆ వానాకాలంలో మా అత్తయ్యకి నేను ఒకే ఒక్క తప్పు సలహా ఇచ్చాను. అంతకుముందు ఇచ్చినవన్నీ మంచివే. ఎవరూ అడక్కపోయినా ఈ లెక్క నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

అత్తయ్య టైపు మేష్టారు. ముప్ఫై ఏళ్ళు ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్పింది. అది మూతపడ్డాక ఊరికే కూర్చోలేక ఇంటిల్లిపాదినీ సతాయిస్తుంటే, నేనే ఒక ఆసుపత్రిలో పని చూసిపెట్టాను. స్కానింగు డాక్టర్లు బొమ్మ చూస్తూ రికార్డరులో మాట్లాడతారు. ఆ మాటలు విని రిపోర్టు టైపు చేసి పంపాలి. ముందుగది కిటికీ పక్కన ఆవిడ బల్ల. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలికింద పెడల్. పెడల్ నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే నోరు మూసుకుంటాడు. "నా జన్మలో నేను చెప్పినట్టు విన్న మగవాళ్ళు వీళ్ళే," అనేది మామయ్య ఫోటో వంక చూస్తూ.

డాక్టర్ల పేర్లు ఆవిడకి తెలియవు, గొంతులే తెలుసు. అందుకని తనే పేర్లు పెట్టుకుంది. ఊపిరి తీసుకోకుండా మాట్లాడే ఒకాయన పరుగు డాక్టరు. ఒకావిడ ముక్కుదిబ్బడ డాక్టరమ్మ. ఎండాకాలమైనా వానాకాలమైనా ఆవిడ ముక్కు తెరుచుకున్న రోజు లేదు. "పాపం, అందరి జబ్బులూ చెప్తుంది, తన ముక్కు చూపించుకోదు," అని జాలిపడేది అత్తయ్య.

చిక్కల్లా ఫైళ్ళు పంపడం దగ్గర వచ్చింది. రోగుల విషయాలు కాబట్టి మామూలు మెయిల్‌లో పంపకూడదన్నారు. నల్ల తెర మీద ఒక లైను కొట్టాలి. ముందు ఏ ఫైలు, తర్వాత ఆసుపత్రిలో ఏ మిషనుకి, అంటే ఏ కంప్యూటరుకి. ఎంటర్ నొక్కితే ఫైలు తాళం వేసుకుని వెళుతుంది, దారిలో ఎవరూ విప్పి చదవలేరు. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో సర్వర్లు చూసేదాన్ని. ఆ లైను రోజుకి యాభైసార్లు కొట్టేదాన్ని. కాబట్టి నేర్పే పని నామీదే పడింది.

మొదటి రోజు ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నేను చెప్పిన లైను కీబోర్డు వంక చూడకుండా పది వేళ్ళతో టకటకా కొట్టేసింది. ఎంటర్ నొక్కగానే మూడు లైన్లు వచ్చాయి. అవతలి మిషను ఎవరో నాకు తెలియదు, దాని వేలిముద్ర ఈ అక్షరాల వరస, ముందుకి వెళ్ళమంటారా, యెస్ ఆర్ నో.

"యెస్ కొట్టండి," అన్నాను.

"ఆగమ్మాయ్. ఏమంటోందిది?"

"మొదటిసారి అలాగే అడుగుతుంది అత్తయ్యా. అందరూ యెస్ కొడతారు."

"అవతల ఎవరో తెలీదని అదే మొత్తుకుంటుంటే యెస్ ఎలా కొడతాం? తలుపు చప్పుడైతే ఎవరని అడక్కుండా గడియ తీస్తావా?"

"తియ్యననుకోండి. కానీ..."

"మరి ఈ వేలిముద్ర ఎందుకు చూపించినట్టు? సరిచూసుకోమనే కదా?"

సరిచూసుకోమనే. పన్నెండేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. మా ఆఫీసులో ఎవరూ సరిచూసుకోగా చూడలేదు. ఆ మాట ఆవిడతో అనలేక ఆసుపత్రి సర్వర్ గది ఇన్‌చార్జి నంబరు ఇచ్చాను. ఆయనే విసుక్కుని రెండు చివాట్లు పెడితే ఈవిడ దారికి వస్తుందనుకున్నాను.

ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. అత్తయ్య ఫోను స్పీకరులో పెట్టింది.

"ఏం కావాలమ్మా?"

"మీ మిషను వేలిముద్ర చదవండి. నేనిక్కడ చూసుకుంటాను."

"ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఈ మాట అడిగినవాళ్ళు లేరమ్మా," అన్నాడాయన.

"అయితే ఇవాళ నేనడిగాను. చదవండి."

ఆయన మూడంతస్తులు దిగి సర్వర్ గదికి వెళ్ళి, ఆయాసపడుతూ నలభై మూడు అక్షరాలు చదివాడు. పెద్ద కే, చిన్న టీ, తొమ్మిది, చిన్న డబ్ల్యూ... అత్తయ్య ఒక్కో అక్షరం కింద పెన్సిలు ఆనించి చూసుకుంటూ, ఒక కొత్త నోటుపుస్తకం మొదటి పేజీలో ఎక్కించుకుంది. అయిపోయాక, "సరిపోయింది. చాలా థాంక్సండీ," అని ఫోను పెట్టేసి, నావైపు తిరిగి, "ఇప్పుడు యెస్," అంది.

ఆ సాయంత్రం మావారు ఇంటికొచ్చాక ఈ కథంతా నటించి చూపించాను. "అమ్మా, మిషన్‌ని కూడా ఇంటర్వ్యూ చేసి ఉద్యోగంలోకి తీసుకున్నావట," అని ఆయన ఒకటే నవ్వు. అత్తయ్య కూడా నవ్వింది. ఆ నెలంతా మా ఇంట్లో ఇదే జోకు.

పని మాత్రం ఆవిడ ప్రాణం పెట్టి చేసేది. పొద్దున్న తొమ్మిదికల్లా తల దువ్వుకుని, బయటికి వెళ్ళేదానిలా ముస్తాబై కూర్చునేది. "ఇంట్లోనే కదా అత్తయ్యా," అంటే, "పని ఇంట్లో చేసినా పనే," అనేది. అర్జంటు రిపోర్టులకి ఒక పద్ధతుండేది. ఫైలు పేరుకి ముందు అర్జంటని పెట్టి పంపితే డ్యూటీ డాక్టర్ల గదిలో తెర మీద ఎర్రగా వెలుగుతుంది. అలాంటిది వస్తే అత్తయ్య ఎదురుగా ఉన్న టీ కూడా తాగేది కాదు. రిపోర్టు పైన వయసూ వృత్తీ ఉంటాయి, పేరు ఉండదు. ఆవిడ వాళ్ళని అలాగే తలుచుకునేది. ఇవాళ ఒక బస్సు డ్రైవరు, అమ్మాయ్, నడుం బాగుంది. ఇవాళ ఒక టీచరు, పాపం ఏమంత బాగాలేదు.

వానలు మొదలయ్యాక ఒక రోజు ఇన్‌చార్జే ఫోను చేశాడు. రేపు పాత మిషను తీసేసి కొత్తది పెడుతున్నామనీ, అడ్రసు అదేననీ, పెద్ద హెచ్చరిక వస్తుంది కంగారుపడొద్దనీ చెప్పి, అడక్కుండానే కొత్త వేలిముద్ర చదివి వినిపించాడు. అత్తయ్యకి ఆయన మీద గౌరవం పెరిగిపోయింది.

మర్నాడు నిజంగానే పెద్ద హెచ్చరిక వచ్చింది. తెర మీద మెయిల్ అడ్రసుల్లో ఉండే ఎట్ గుర్తులతో గోడ కట్టినట్టు, మధ్యలో పెద్దక్షరాలు. అవతలి మిషను మారిపోయింది, ఎవరైనా మోసం చేస్తుండొచ్చు, కొత్తగా వచ్చినదాని వేలిముద్ర ఇదీ. పంపనని మొండికేసి ఆగిపోయింది. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. మన కంప్యూటరు గుర్తుపెట్టుకున్న పాత వేలిముద్ర లైను ఎలా తీసెయ్యాలో, మళ్ళీ అడిగినప్పుడు యెస్ ఎలా కొట్టాలో చూపించాను. ఆవిడ ముందు పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చుకుని, తర్వాతే కొట్టింది. మొదటి పేజీ మీద 'పాతది' అని రాసింది.

"ఇంక దాంతో పనేముంది, చింపెయ్యండి," అన్నాను.

"ఆ పేజీ నిన్నేమైనా తిండి పెట్టమందా? ఉండనీ."

ఇది జరిగిన మూడు వారాలకి ఆ శుక్రవారం వచ్చింది.

మూడు రోజులుగా వాన తెరిపివ్వడం లేదు. కరెంటు పోతోంది, వస్తోంది. మా ఆఫీసులో పైనుంచి నలుగురు వచ్చి కూర్చున్నారు. ఏడాదంతా మా సర్వర్లు ఎంత భద్రంగా ఉన్నాయో నేను వాళ్ళకి వివరించాలి. అవును, భద్రత గురించే. నవ్వొస్తే నవ్వండి. ఏడో స్లైడు దగ్గర ఉండగా అత్తయ్య ఫోను చేసింది. కట్ చేశాను. మళ్ళీ చేసింది. మూడోసారి కూడా చేసేసరికి, ఒక్క నిమిషం అని చెప్పి వరండాలోకి వచ్చాను.

"అమ్మాయ్, ఆ గోడ మళ్ళీ వచ్చింది."

"ఏ గోడ?"

"ఎట్ గుర్తుల గోడ. మిషను మారిందంటోంది. ఈసారి ఆయన ముందు చెప్పలేదు. నేను చేస్తుంటే ఫోను ఎత్తడం లేదు."

"వానలకి ఏదో పాడైతే మార్చుంటారు అత్తయ్యా. మొన్నలాగే ఆ లైను తీసేసి యెస్ కొట్టెయ్యండి."

"అది కాదమ్మా, విను. ఈ వేలిముద్ర కొత్తది కాదు. నా పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నదే. పెద్ద కే, చిన్న టీ, తొమ్మిది... అక్షరం పొల్లుపోకుండా పాతదాన్దే. తీసి పక్కన పడేసిన మిషను మళ్ళీ ఎలా వచ్చింది?"

అద్దాల తలుపు వెనకనుంచి మా మేనేజరు చేతి గడియారం చూపిస్తున్నాడు.

అత్తయ్య చెప్పిన ప్రతి మాటా నాకు వినపడింది. చప్పుళ్ళలో సరిగా వినలేదని తర్వాత ఎన్నోసార్లు అనుకోబోయాను, కుదరలేదు. వరండా నిశ్శబ్దంగా ఉంది, లైను స్పష్టంగా ఉంది. ఆ మాటే మా టీములో ఎవరైనా అనుంటే, ఆపండి, ఏదీ పంపకండి అనేదాన్ని. అన్నది ఒక పెద్దావిడ. నోటుపుస్తకంలో పెన్నుతో రాసుకునే మనిషి. నేను యెస్ కొట్టడం నేర్పిన మనిషి.

"అత్తయ్యా, అవన్నీ చూస్తూ కూర్చుంటే పనవదు. నేను చెప్తున్నాను కదా. నాకు తెలీదా?"

"నీకు తెలీదని కాదు."

"మరి?"

"ఇందులో ఒక అర్జంటుంది. ముక్కుదిబ్బడ డాక్టరమ్మది. టైలరట, యాభై రెండేళ్ళు. మెడలో రక్తనాళం మూసుకుపోయిందంట, వెంటనే చూడాలని రెండుసార్లు చెప్పింది. అది కాని చోటికి పోతే..."

"అర్జంటైతే మరీ మంచిది, ఇంకా ఆలస్యం చెయ్యకండి. యెస్ కొట్టెయ్యండి, అత్తయ్యా. నేను మీటింగులో ఉన్నాను."

"సరే," అంది.

నేను లోపలికి వెళ్ళి ఎనిమిదో స్లైడు నుంచి మొదలుపెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. మధ్యాహ్నం భోజనం దగ్గర చూస్తే అత్తయ్య నుంచి మెసేజీ ఉంది. 'అన్నీ వెళ్ళాయి. నూటికి నూరు చూపించింది.' బొటనవేలు బొమ్మ పెట్టి ఫోను పక్కన పెట్టేశాను.

సోమవారం పొద్దున్న నేను చెప్పులు వేసుకుంటుంటే ఇన్‌చార్జి ఫోను వచ్చింది. అత్తయ్య విని, ఊఁ, ఊఁ అంటూ బల్ల దగ్గర నిలబడిపోయింది. శుక్రవారం నుంచి ఒక్క రిపోర్టూ రాలేదట.

జరిగింది ఇది. కొత్త మిషను పెట్టినప్పుడు పాతదాన్ని పక్కకి జరిపారు గానీ ప్లగ్గు పీకలేదు. ఎందుకైనా ఉంటుందిలే అనుకున్నారు. వానకి కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ పాతది తనంతట తను లేచి తన పాత అడ్రసులో కూర్చుంది. ఆసుపత్రి లోపలివాళ్ళది వేరే దారి, వాళ్ళు కొత్తదాన్నే చూస్తున్నారు. బయటినుంచి వచ్చే అత్తయ్య ఫైళ్ళు మాత్రం ఒకటీ పోకుండా, నూటికి నూరు, ఎవరూ తెరవని మిషనులోకి వెళ్ళి కూర్చున్నాయి.

ఎర్రగా ఏదీ వెలగలేదు కాబట్టి డ్యూటీ డాక్టరు ఆ టైలరుని శనివారం ఇంటికి పంపేశాడు. రిపోర్టు వచ్చాక సోమవారం రమ్మన్నాడు. ఆదివారం పొద్దున్న ఆయనకి కుడిపక్క పడిపోయింది. ప్రాణానికి ఫరవాలేదన్నారు. చెయ్యి మాత్రం చెప్పలేమన్నారు.

అత్తయ్య ఫోను పెట్టేసి, "కుడి చెయ్యేనా?" అని ఎవరినో అడిగినట్టు అడిగింది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

బుధవారం ఆసుపత్రిలో మాట్లాడటానికి రమ్మన్నారు. నేను సెలవు పెట్టి తీసుకెళ్ళాను. దారి పొడుగునా చెప్పెయ్యాలనే అనుకున్నాను. వాక్యాలు కూడా సిద్ధం చేసుకున్నాను.

మూడో అంతస్తులో చిన్న గది, పొడుగాటి బల్ల. ఒక పక్క ఆసుపత్రి పరిపాలన చూసే ఆవిడ, ఇన్‌చార్జి, ఇంకో నడివయసు ఆవిడ. ఆ మూడో ఆవిడ నమస్కారమండీ అనగానే అత్తయ్య చప్పున తలెత్తింది. ముక్కుదిబ్బడ డాక్టరమ్మ గొంతు గుర్తుపట్టింది. ఎనిమిది నెలలు చెవిలో విన్న మనిషిని అప్పుడే మొదటిసారి చూడటం. డాక్టరమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ముందు ఇన్‌చార్జి మాట్లాడాడు. "నాది తప్పు మేడమ్. ప్లగ్గు పీకాల్సింది. రాతపూర్వకంగా ఇచ్చేశాను," అన్నాడు. ఆ మనిషి అంత తేలిగ్గా ఆ మాట అనగలిగినందుకు నాకు ఆయన మీద కోపం వచ్చింది.

పరిపాలన ఆవిడ అత్తయ్య వైపు తిరిగింది. "మిషను మారిందని మీకు హెచ్చరిక వచ్చిందామ్మా?"

"వచ్చిందండీ."

"చదివారా?"

"చదివాను."

"చదివి కూడా ముందుకెళ్ళారా? మరి ఎవర్నీ అడగలేదా?"

"వీరికి మూడుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు."

"నేను ఆ రోజు నీళ్ళు ఎత్తిపోయిస్తున్నాను మేడమ్, సర్వర్ గదిలోకి వచ్చేశాయి," అన్నాడు ఇన్‌చార్జి. తర్వాత, మంచి మనసుతోనే, ఏ దురుద్దేశమూ లేకుండా, "మీ కోడలుగారు ఇదే లైన్లో ఉన్నారు కదమ్మా. ఆవిణ్ణైనా అడక్కపోయారా?" అన్నాడు.

అందరూ నావైపు చూశారు. నేను బల్ల అంచు చూస్తున్నాను. అక్కడ పైపొర లేచిపోయి కింద చెక్క కనిపిస్తోంది. మా ఆఫీసుకీ ఈ ఆసుపత్రికీ ఇన్సూరెన్సు పనులున్నాయి. ఈ మాట అక్కడిదాకా పోతే, భద్రత గురించి ఉపన్యాసం ఇస్తూ మధ్యలో వరండాలోకి వచ్చి నేను చెప్పిన సలహా ఏమిటో అందరికీ తెలుస్తుంది. ఇంత ఆలోచన నా బుర్రలో తిరిగింది. అంటే అంత సమయం ఉందన్నమాట.

అత్తయ్య కళ్ళజోడు తీసింది. చీర చెంగుతో ఒక అద్దం తుడిచింది, రెండోది తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. పక్కన కూర్చున్న నా చేతి మీద తన చెయ్యి వేసింది.

"పనిలో ఉంటుందని అడగలేదండీ. నేనే కొట్టాను," అంది.

డాక్టరమ్మ ముక్కు చీదుకుని, "మీ రిపోర్టుల్లో నేనెప్పుడూ ఒక్క తప్పు కూడా దిద్దలేదమ్మా," అంది. అది ఓదార్పుగానే అనుంటుంది. అత్తయ్య అక్కడ ఏడవలేదు గానీ మెట్లు దిగుతూ ఒక మలుపులో ఆగి, గోడకి తిరిగి నిలబడింది. నేను సంచి పట్టుకుని పై మెట్టు మీద నిలబడ్డాను. ఇక ఆవిడకి టైపు పని పంపడం లేదని ఆసుపత్రివాళ్ళు వారం తర్వాత ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరం వచ్చిన రోజు మావారు వాళ్ళమ్మ పక్కన కూర్చుని, "ఈ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ? మనకేం తక్కువైంది?" అన్నారు. ప్రేమగానే అన్నారు. నేను అక్కడే బట్టలు మడతపెడుతున్నాను. అది రెండో అవకాశం. నేను తువ్వాళ్ళు ఒక దొంతరా, దిండు గలీబులు ఒక దొంతరా పెట్టాను.

ఆ తర్వాత అత్తయ్య మారిపోయింది. పెద్దగా బయటికి కనపడే మార్పేమీ కాదు. తొమ్మిదికి తల దువ్వుకోవడం మానేసింది. బల్ల మీద కుండీలు పెట్టింది. టీవీ రిమోటు పట్టుకుని, "ఇది నొక్కనా అమ్మాయ్?" అనేది. బట్టల మిషను దగ్గర, "ఎర్రలైటు వెలిగింది, నొక్కొచ్చంటావా?" అనేది. ఫోనులో ఏ ప్రశ్న వచ్చినా చెయ్యి చాపి ఫోను నాకిచ్చేసేది. మూడంతస్తులు దింపించి నలభై మూడు అక్షరాలు చదివించిన మనిషి. నేను నొక్కండి అంటే నొక్కేది, వద్దంటే మానేసేది. చదివేది కాదు. ఒకసారి మరీ ఉండబట్టలేక, "మీరే చదివి చూడండి అత్తయ్యా, అందులో రాసే ఉంటుంది," అన్నాను. "నేను చదివితే ఏం లాభంలే," అంది. దెప్పిపొడిచినట్టు కాదు. మామూలుగా అంది. దెప్పిపొడిచినా బాగుండేది.

ఆ టైలరు దుకాణం ఎక్కడో నేను కనుక్కోలేదు. కనుక్కోవడం పెద్ద పనేమీ కాదు, ఆసుపత్రిలో ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్ళు. నేను అడగలేదు. చాలాకాలం నా బట్టలు సైజు సరిచేయించడం మానేసి, వదులైనవి వదులుగానే వేసుకు తిరిగాను.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం మధ్యాహ్నం, మావారు బయటికి వెళ్ళారు. అత్తయ్య వంటింటి గట్టు దగ్గర స్టూలు వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చుని ఒక పిడికెడు తీసుకున్నాను. ఎంతకాలంగానో గొంతులో ఉన్నది ఆ పూట బయటికి వచ్చింది.

"అత్తయ్యా, ఆ రోజు మీరు చెప్పిందే నిజం. అది పాతదాని వేలిముద్రే. నేను విని కూడా విననట్టు చేశాను."

"తెలుసు," అంది కాయ తుంచుతూ.

"ఆ గదిలో నా పేరు చెప్పకుండా నన్ను కాపాడారు. మీ చెయ్యి నా చేతిమీద వేసి, మాట్లాడకు అన్నారు. నేను..."

"అనలేదు," అంది.

నేను తలెత్తి చూశాను.

"మాట్లాడకు అనలేదమ్మాయ్ నేను. ఆయన నీ పేరెత్తినప్పుడు కాసేపు ఆగాను. నువ్వు చెప్తావని చూశాను. ఇంక చెప్పవని తెలిశాక, పోనీలే, భయపడింది పిల్ల అని చెయ్యి వేశాను. అంతే."

చేతిలో కాయ ఏం చేయాలో తెలియక పట్టుకుని కూర్చున్నాను. కోపమైనా ఉందేమోనని ఆవిడ మొహంలో వెతికాను. ఆవిడ ఈనెలు ఒక పక్కకి, కాయలు ఒక పక్కకి వేస్తోంది.

"మీరే చెప్పెయ్యాల్సింది. నిజమే కదా," అన్నాను.

"నువ్వు చెప్తే నిజమవుతుంది. నేను చెప్తే, కోడలి మీద అత్త చెప్పిన చాడీ అవుతుంది. వాళ్ళకి మన సంగతి ఏం తెలుసు?" ఇంకో కాయ అందుకుని, "అయినా తప్పు నీ ఒక్కదానిదే ఎలా అవుతుంది? పుస్తకం నా చేతిలో ఉంది. తెలిసి తెలిసీ కొట్టాను. నాకు తెలిసినదానికన్నా నీకు తెలిసిందే ఎక్కువనుకున్నాను," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ లేచి వచ్చి తల నిమురుతుందనుకున్నాను, ఎప్పుడూ అలాగే చేసేది. ఆ రోజు లేవలేదు.

"రేపు ఆసుపత్రికి వెళ్ళి చెప్తాను. ముందు ఈ సాయంత్రం మీ అబ్బాయికి చెప్తాను."

"నీ ఇష్టం," అంది అత్తయ్య, గిన్నె నీళ్ళలో పెడుతూ.

ఆ సాయంత్రం ఆయన తలనొప్పితో వచ్చారు. మర్నాడు మా ఆఫీసులో పని పడింది. ఆ పైవారం సెలవు దొరకలేదు. సెలవు దొరికేసరికి ఇన్‌చార్జి రిటైరైపోయాడని తెలిసింది. ఇది జరిగి ఆరేళ్ళయింది. చెప్పావా అని అత్తయ్య నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.